క్రోస్ చెయ్యడానికి ఒక ఇల్లు

ఇల్లు కూలిన నాటి నుంచి యంబారి గొంతు మూగబోయింది. సెపిక్ నది ఒడ్డున ఆ ఊళ్లో కోపమొచ్చిన ఆడది తన ఇంటి అరుగెక్కి, ఎదుటివాడి పేరెత్తి, వాడి ఏడు తరాలనూ కడిగిపారేస్తుంది. దాన్ని క్రోస్ అంటారు. ఎవరింట్లోంచి వాళ్లే చెయ్యాలి. పరాయి అరుగెక్కి అరిస్తే ఆ తగువు ఆ ఇంటివాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

యంబారి తలదాచుకున్నది ఆడపడుచు నిమెయ్ ఇంట్లో.

"వదినా, తిండి పెడతాను, చాప వేస్తాను. నా ఇంట్లోంచి మాత్రం మా అన్నని తిట్టకు," అంది నిమెయ్.

ఆ అన్న కసోమ్‌కి ఈ ఏర్పాటు బాగా ఒంటబట్టింది. వానలు తగ్గాక కడతానన్నాడు. తగ్గాయి. వరదనీళ్లు తీశాక కడతానన్నాడు. తీశాయి. ఇల్లు లేని పెళ్లాం ఇంత నెమ్మదస్తురాలని అతనికి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. వక్క నములుతూ మగవాళ్ల సావిట్లో కాళ్లు చాపుకున్నాడు. యంబారికి మాత్రం ఒకరి పొయ్యి మీద వండుకున్న ప్రతి ముద్దా గొంతుకు అడ్డం పడుతోంది.

ఒకనాడు మామగారి పక్కన కూలబడింది.

"మామా, క్రోస్ అనే మాట ఊళ్లోకి తెచ్చింది నువ్వేనటగా?"

"నేనే. కొబ్బరితోటలో పనికెళ్లినప్పుడు తెల్లదొర పొద్దున్నే అరుగు మీద నిలబడి మా మీద అరిచేవాడు. దొర క్రోస్‌గా ఉన్నాడని, అంటే కోపంగా ఉన్నాడని, మేస్త్రీ చెప్పేవాడు. ఇంటికొచ్చి చూస్తే మీ అత్త అదే పని చేస్తోంది. పని పాతదే, పేరే నేను తెచ్చింది."

"దొర ఇంటికి గోడలుండేవా?"

ముసలాయన ఆలోచించాడు. "కొత్తలో లేవు. గుంజలు, వాటి మీద పలకలు, అంతే. కప్పూ గోడలూ మేం తర్వాత కట్టాం. ఆయన అరుస్తూనే ఉన్నాడు, మేం కడుతూనే ఉన్నాం."

యంబారి గొడ్డలి తీసుకుంది. పాత ఇంటి చోటులోనే గుంజలు పాతి, పైన బద్దలు పరిచింది. ఎక్కి నిలబడింది.

"ఓరి కసోమూ, మొసలి కూడా గుడ్లు పెట్టేముందు గూడు కట్టుకుంటుందిరా. నీ చెల్లెలి పొయ్యి దగ్గర చెయ్యి చాపడానికా నన్ను తెచ్చుకున్నావు? మా అమ్మ నా ఒళ్లో పోయిన చోటురా ఇది. ఇక్కడ గడ్డి మొలుస్తుంటే నీకు వక్క ఎలా దిగుతోంది?"

ఊరంతా ఎవరిళ్లలో వాళ్లు పనులాపి విన్నారు. వాన పట్టుకుంది. ఆమె దిగలేదు.

చీకటి పడకముందే కసోమ్ వాసాలూ సాగో ఆకుల మోపూ మోసుకొచ్చాడు. ముందు ఆమె నిలబడ్డ చోటికే పైన కప్పు కట్టాడు.

"ఇక ఆపవే," అన్నాడు మెల్లిగా.

"గోడలేవి?" అంది యంబారి. ఒళ్లు తుడుచుకుని, వదిలిన చోటునుంచి మళ్లీ అందుకుంది.