చొక్కాకు పట్టిన హుక్కు

చెప్పరాని మాట చెప్పడానికి ఈ మగవాళ్ళకు ఎప్పుడూ దిక్కుమాలిన సమయమే దొరుకుతుంది. రష్యాలోని సమారాలో ఆ శనివారం మధ్యాహ్నం, ఇంకో అరగంటలో మంచు మీదికి దిగాలనగా, రోడియాన్ స్కేట్లు బిగించుకుంటూ తలెత్తకుండా అన్నాడు: "ఈ పోటీ అయ్యాక మిలెనాతో జోడీ కడతాను. వాళ్ళమ్మకి మాటిచ్చేశాను."

తొమ్మిదేళ్ళ వయసు నుంచీ, అంటే పదిహేడేళ్ళుగా, అతనే ఆగ్నియాకు జోడీ. ఐస్ డాన్సులో అమ్మాయిలు కుప్పలు తెప్పలు, అబ్బాయిలు కరువు. ఇరవయ్యారేళ్ళ పిల్లకు ఇంకొకడు దొరకడం కల్ల. మిగిలింది ఒక్కటే ఆశ. మూడో స్థానం లోపల వస్తే ఇద్దరి పేర్లూ జంటగా జాతీయ జట్టులోకి ఎక్కుతాయి, సీజను అయ్యేదాకా ఆ జంటను విడదీయడానికి వీల్లేదు.

"చావింటికి పోతున్నట్టు ఆ మొహాలేంటర్రా! మీరు ఆడేది ప్రేమ కథ!" అని కసిరి, దిష్టి తగలకుండా ఎడమ భుజం మీదుగా ముమ్మారు తుపుక్కున ఉమ్మి, కోచ్ రైసా పావ్లోవ్నా ఇద్దర్నీ మంచు మీదికి తోసింది.

మొదటి రెండు నిమిషాలూ వంక పెట్టడానికి లేదు. వాడి మొహం మండా, రోడియాన్ ఎంత ప్రేమగా చూశాడంటే ఆగ్నియాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెను ఎత్తి, గిర్రున తిప్పి, కిందికి దించాడు. దించగానే ఆమె గౌను నడుము పక్కనున్న హుక్కు అతని జాలీ చొక్కాకు పట్టుకుంది.

"తగులుకుంది" అన్నాడు, నవ్వు చెదరకుండా.

"తెలుసు" అంది ఆమె, తనూ నవ్వుతూనే.

"లాగెయ్యనా?"

"చిరిగి ముక్క మంచు మీద పడితే మార్కు పోతుంది, పిచ్చోడా!"

తర్వాత రావలసినవి ట్విజిల్స్. ఇద్దరూ విడివిడిగా, పక్కపక్కనే, ఒంటికాలి మీద బొంగరాల్లా తిరుగుతూ సాగిపోవాలి. వీళ్ళు అతుక్కుపోయి ఒకటే బొంగరంగా తిరిగారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "విడిపోవడానికి మనసొప్పని జంట!" అని వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. న్యాయనిర్ణేతలు హావభావాలకు మార్కులు గుప్పించి, ట్విజిల్స్‌కు మాత్రం గుండు సున్నా చుట్టారు.

అలాగే అతుక్కుని జనానికి వంగి అభివాదం చేశారు. అలాగే పీతల్లా పక్కకు నడిచి వచ్చి మార్కుల కోసం ఎదురుచూసే బెంచీ మీద కూలబడ్డారు. డోపింగు పరీక్ష అధికారి వచ్చి, "రోడియాన్ గారొక్కరే రావాలి" అన్నాడు.

"తీసుకెళ్ళండి చూద్దాం!" అంది రైసా పావ్లోవ్నా.

పాపం, ఆయన ఆడవాళ్ళ గది వైపూ మగవాళ్ళ గది వైపూ మార్చి మార్చి చూసి, నియమాల పుస్తకం తెరుచుకుని ఓ పక్కన కూర్చున్నాడు.

ఇంతలో తెర మీద ఫలితం పడింది. నాలుగో స్థానం. అర మార్కు తేడా.

పడీ పడగానే మిలెనా తల్లి కత్తెర పట్టుకుని పరుగున వచ్చింది. "కత్తిరించేద్దాం బాబూ, పోటీ అయిపోయిందిగా!"

"కత్తెర అక్కర్లేదండీ" అంది ఆగ్నియా. రెండు వేళ్ళతో అలా నొక్కింది. హుక్కు ఊడి వచ్చేసింది.

రోడియాన్ నోరు తెరిచాడు. "ఇంత తేలికా? మరి మంచు మీద తియ్యలేదేం? ట్విజిల్స్ మార్కులు పడుంటే మూడో స్థానం మనదేగా!"

"వదిలితే మళ్ళీ చెయ్యి అందిస్తావో లేదోనని భయమేసింది."

"పదిహేడేళ్ళలో ఒక్కసారైనా అందించకుండా ఉన్నానా?"

"ఇందాక. మంచు మీదికి దిగేముందు."

రోడియాన్ లేచి నడవా వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక, అలవాటు కొద్దీ, వెనక్కి తిరగకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాచాడు. ఆగ్నియా సగం లేచింది కూడా. ఈలోగా మిలెనా తల్లి తన చేతిసంచీ తీసి ఆ చేతిలో పెట్టింది.

అతను దాన్ని మోసుకుంటూ వెళ్ళిపోయాడు.