చివరిసారి తాగిన తేదీ

జూన్ పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ తిన్నది ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళదుంపలు, రెండేసి రొట్టె ముక్కలు. ఒక్కరికి ఉప్పు పనికిరాదని అందరూ చప్పిడి తినడం నాలుగు నెలలుగా అలవాటైపోయింది. మనిషికో వంట వండే ఓపిక ఆమెకు లేదు. పళ్లాలు కడిగేసి, భర్త పడుకునే గది ఊడుస్తూ చీపురు మంచం కిందికి పోనిస్తే దగ్గుమందు సీసా తగిలింది. అడుగున కాస్త మిగిలి ఉంది. మూత తీసి వాసన చూసింది. పదిహేడేళ్ల కాపురం నేర్పిన వాసన. దగ్గుమందు కాదు, బ్రాందీ.

ఫిబ్రవరి పదకొండున ఆయన మెట్ల మీద కూలబడ్డప్పుడు డాక్టరు గుండె బొమ్మ గీసి మరీ చెప్పాడు. తాగి తాగి గుండె కండరం సాగిపోయిందనీ, పలచబడిపోయిందనీ, కొట్టుకుంటోందే గానీ రక్తాన్ని నెట్టలేకపోతోందనీ. చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర పనిచేసే ఆమెకు వెంటనే అర్థమైంది. సాగిపోయిన ఎలాస్టిక్‌ను ఎన్నిసార్లు పక్కన పడేసి ఉంటుంది. మానేస్తే కొందరికి అదే కొంత బిగుసుకుంటుందన్నాడు. లేకపోతే ఇంకొకరి గుండె పెట్టాలి. ఆ జాబితాలో పేరెక్కాలంటే ఆరు నెలలు చుక్క ముట్టకూడదు. దానంగా వచ్చే గుండె ఒకటైతే, దాని కోసం కాచుకున్న వాళ్లు పదిమంది అన్నాడు.

సీసా ఎవరిచ్చారని నిలదీయక్కర్లేకపోయింది. అత్తగారే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పడుకోనివ్వని దగ్గు కదా, రెండు చెంచాలు వేడినీళ్లలో కలిపిస్తే ఛాతీ వెచ్చబడుతుందనుకుందట. కోడలు చూస్తే ఊరుకోదని దగ్గుమందు సీసాలో పోసి ఉంచిందట. తల్లి పోసింది రెండు చెంచాలు. మిగతాది కొడుకు మూడు రోజుల్లో అడుగుదాకా కానిచ్చాడు. ఆ దగ్గు జలుబుది కాదనీ, నీరసపడిన గుండె వల్ల ఊపిరితిత్తుల్లో చేరిన నీటిదనీ ఆ ముసలమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమెను తిట్టడానికి నోరు రాలేదు. మిగిలింది తూములో పోసి, తాగని ప్రతి రోజుకూ క్యాలెండర్‌లో పెట్టే టిక్కు ఆ సాయంత్రం కూడా ఎప్పట్లాగే పెట్టింది.

ఫ్యాక్టరీలో ఒక్క కుట్టు తప్పినా చొక్కా వెనక్కి కొట్టే మనిషి ఇంట్లో మాత్రం అన్నీ పాస్ చేసేసింది. ఆయన లేవలేని ఉదయాల్లో ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పింది. తన చేతి మీది కమిలిన మచ్చకు కుక్కర్ ఆవిరి అని చెప్పింది. అయినా బావగారు, అంటే ఆయన అన్నయ్య, నలుగురిలోనూ అననే అన్నాడు, ఇల్లాలు గట్టిదైతే మగాడు గ్లాసు ముట్టడని.

ఆగస్టులో గుండె జాబితాకు ఫారం తెచ్చింది కూడా ఆ బావగారే. "అంతా నింపేశానమ్మా, నువ్వు సంతకం పెడితే చాలు. రేపు పొద్దున్నే ఇచ్చేద్దాం" అని బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చోకుండానే వెళ్లిపోయాడు. చివరిసారి తాగిన తేదీ: ఫిబ్రవరి పదకొండు. ఆపరేషన్ తర్వాత రోజంతా దగ్గరుండే మనిషి: ఆమె పేరు. ఆ మనిషి ఉద్యోగం: లేదు.

పదకొండేళ్ల ఉద్యోగం. ఎలాగూ మానేస్తుందిగా అనుకుని ఉంటాడు.

జూన్‌లో తాగింది ఇప్పుడు ఏ రక్తపరీక్షకూ దొరకదు. ఇక మిగిలిన పరీక్ష ఆమె ఒక్కతే. సంతకం పెడితే రేపే పేరెక్కుతుంది. పెట్టకపోతే ఇంకో నాలుగు నెలలు ఆగాలి, అన్నాళ్లు ఆ గుండె ఆగుతుందో లేదో. కలం పట్టుకుని కూర్చుంటే ఆస్పత్రిలో ఈ ఫారాలు తీసుకునే సోషల్ వర్కర్ గుర్తొచ్చింది. మొన్న అందరినీ బయటికి పంపి, "మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఏడ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు. మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపి, ఈమె తేరుకునేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అంత మర్యాద ఆమెకు ఇంట్లో ఎప్పుడూ దక్కలేదు. అలాంటి మనిషి చేతిలో ఈ కాగితం ఎలా పెట్టడం? పెట్టినా, కొత్త గుండె వచ్చాక దానికీ ఈ అబద్ధానికీ కలిపి జీవితాంతం కాపలా ఎవరు?

'లేదు' కొట్టేసి తన ఉద్యోగం రాసి, పగలు దగ్గరుండడానికి బావగారిని అడగమని పక్కన చేర్చింది. ఫిబ్రవరి కొట్టేసి జూన్ పంతొమ్మిది రాసింది. సంతకం పెట్టి గదిలోకి వెళ్లింది. ఆయన మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"పెట్టావా?"

"పెట్టాను. తేదీ మార్చాను. మీ మంచం కింద సీసా దొరికిన రోజు వేశాను."

ఆయన దిండ్ల మీంచి ముందుకు వంగాడు. "ఇన్నాళ్లూ ఊరుకున్నదానివి ఇంకొక్కరోజు ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది? నన్ను చావమంటావా?"

"బతకమంటున్నాను. డిసెంబర్ దాకా తాగకుండా ఉండమంటున్నాను. కాకపోతే ఈసారి రోజులు నేను లెక్కపెట్టను, మీరే పెట్టుకోండి. పగలు నేను పనికి వెళ్తాను. మీ దగ్గర మీ అన్నయ్య ఉంటారేమో ఆయన్నే అడగమని రాశాను."

"వాడికి తీరికెక్కడిది?"

"నాకెక్కడిదని ఎవరూ అడగలేదు."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ మెడ ఎంత సన్నబడిపోయిందో ఆమె అప్పుడే చూసింది. అయినా కాగితం తిరిగి తీయలేదు.

వసారాలో అత్తగారు నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"నేను పోసిచ్చానని కూడా రాశావా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. వాళ్లు తేదీ ఒక్కటే అడిగారు."

 ముసలమ్మ కోడలి భుజం పట్టుకుని పక్కగదిలోకి నడిపించింది. "పడుకో. ఈ రాత్రి వాడి దగ్గర నేను కూర్చుంటాను. దగ్గు వస్తే నిన్ను లేపన్లే."

ఆమె పక్క మీద ఒరిగింది. అత్తగారు దీపం ఆర్పి, బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.