రౌండు కొట్టి రండి

అమ్మిరాజు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి మెల్లగా తిప్పుతున్నాడు. బుడగ ఎక్కడ లేస్తుందో చూడటం అతనికి పనీ, కాలక్షేపమూ కూడా. రావులపాలెం కాలవగట్టు మీద ఇదే రేకుల షెడ్డులో, ఇదే ముక్కాలిపీట మీద నలభై ఏళ్ళుగా చూస్తున్నాడు. ఎడమ మోకాలు సరిగా వంగదు. అరచేతి గీతల్లో నలుపు ఎంత తోమినా వదలదు. ఊళ్ళో సగం బళ్ళు అతని చేతుల మీదుగా వెళ్ళినవే గానీ, తను మాత్రం గోదారి వంతెన దాటింది ఏ నాలుగుసార్లో.

అరటిగెలల లారీల మధ్య నుంచి ఓ పెద్ద క్రూయిజర్ మోటారుసైకిలు వచ్చి ఆగింది. హైస్కూల్లో సైన్సు చెప్పే ఐజాక్ మాస్టారిది. వెనకే ఆటోలోంచి ఆయన భార్య తబిత దిగింది, ఒళ్ళో కారు టైరుతో.

"దీన్ని వెనక చక్రానికి ఎక్కించాలి అమ్మిరాజూ. సైజు చూసే తెచ్చాను," అన్నాడు ఐజాక్.

"కారు టైరాండీ! మాస్టారూ, మీకు నేను చెప్పాలా ఏంటండీ? మలుపులో బండి వంగాలి. ఇది బల్లపరుపు. వంగనని మొరాయిస్తుందండి."

తప్పించుకోవాలనే చూశాడు. కానీ తబిత కలగజేసుకుంది.

"కిందటేడు వెనక టైరు జారి పడ్డామండి. అప్పట్నించీ బండెక్కలేదు. ఇది నిలకడగా ఉంటుందంటున్నారు. యానాంలో మా అక్కని చూడ్డానికి ఈయన వెనకాల కూర్చుని వెళ్ళాలని ఉందండి."

అమ్మిరాజు లేచాడు. సబ్బునీళ్ళు తెచ్చుకున్నాడు.

చక్రం విప్పి, పాత టైరు ఊడదీసి, కొత్తదాన్ని రిమ్ము మీదికి ఎక్కించేసరికి చొక్కా తడిసిపోయింది. గాలి పడుతుంటే చెవి దగ్గరగా పెట్టాడు. టైరు అంచు ఒక పక్క 'టప్' మని కూర్చుంది. రెండో పక్క ఎంతకీ కూర్చోలేదు. తబిత కళ్ళు మూసుకుంది. కాసేపటికి అది కూడా 'టప్' మంది. చక్రం బిగించాక టైరుకీ చైనుకీ మధ్య చిటికెనవేలు దూర్చి చూసి, పరవాలేదన్నట్టు తలూపాడు.

"మలుపులో హ్యాండిలు గట్టిగా తోసి బండిని మీరే తిప్పాలండి. ఓ రౌండు కొట్టి రండి."

వాల్వు మూత మాత్రం బిగించలేదు. గుప్పిట్లో పెట్టుకున్నాడు. అది అతని పద్ధతి. బండి తిరిగొచ్చాక గాలి మళ్ళీ చూసి, అప్పుడే మూత బిగిస్తాడు. వెనకటికి తమ్ముడి మోపెడ్‌కి టైరు మార్చి, అన్నం వేళయిందని లోపలికి వెళ్ళిపోయాడు. తమ్ముడు తిరిగి రాలేదు. తప్పు లారీదేనని అందరూ అన్నారు. అమ్మిరాజు మనసు మాత్రం ఒప్పుకోలేదు. అప్పట్నించీ ఎవరి బండైనా సరే, తిరిగొచ్చేదాకా పీట మీంచి లేవడు.

ఐజాక్ వెళ్ళాడు. అమ్మిరాజు పీట మీద కూర్చుని గుంజకి చేరగిలబడ్డాడు. కాలవ నీళ్ళ వెలుగు రేకుల కింద మెల్లగా కదులుతోంది. పక్క పాకలో టీ మరుగుతోంది.

"యానాం ఎలా ఉంటాదమ్మా?"

"గోదారి పక్కనే రోడ్డండి. సాయంత్రమైతే చల్లగా ఉంటుంది."

"చల్లగానా," అని నవ్వాడు. ఆ మాటలోకే వెళ్ళిపోయినట్టు కళ్ళు సగం మూశాడు. అలసిపోయాడు పాపం అనుకుని తబిత కదిలించలేదు. ఆమె కూడా రోడ్డుకేసే చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి దూరంగా బండి చప్పుడు వినిపించింది. మలుపు దగ్గర కాస్త తడబడి, నిలదొక్కుకుని వచ్చింది.

"వచ్చేశారండీ," అంది తబిత సంబరంగా.

అమ్మిరాజు లేవలేదు.

తబిత కేకకి టీ కొట్టు సత్తియ్య పరిగెత్తుకొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తల అడ్డంగా తిప్పాడు. ఆ బండి చప్పుడు విన్నాకే పోయాడా, వినకముందేనా? విన్నాకేనని తబిత ఈనాటికీ గట్టిగా అంటుంది. అలా అనుకోకపోతే ఆమెకి నిద్రపట్టదు.

అమ్మిరాజు భార్య వీరదుర్గ ఫోను ఎత్తలేదు. మనిషి వెళ్ళి కబురు చెప్పాలి. ఐజాక్ బండి తిప్పాడు. తబిత వెనక ఎక్కి కూర్చుంది. బండెక్కానని ఆమెకి తెలిసింది గట్టు మలుపు దాటాకే. చక్రం నిలకడగానే ఉంది. ఆమె భర్త వీపుకి తల ఆనించి ఏడ్చింది.

షెడ్డులో అమ్మిరాజు ఒళ్ళో గుప్పిట మెల్లగా వదులైంది. అందులో నల్లటి చిన్న వాల్వు మూత ఇంకా ఉంది.