కూర్చుంటే మంచు

రామసుబ్బు కాఫీ నిలబడే తాగుతాడు. తాగి కోవిల్‌పట్టి బస్‌స్టాండు దాకా నడుస్తాడు, అక్కణ్ణుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి రైలుగేటుకు, మళ్ళీ ఇంటికి. అన్నం కూడా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే తింటాడు. సైన్యం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. ఎక్కడైనా కాస్త స్థిమితంగా కూర్చుంటే అతని మీద మంచు కురుస్తుంది. పడుకున్నా కురుస్తుంది. నానిన చాప మీద రెండు కునుకులు తీసి లేచిపోతాడు.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కాపలా పని దొరికింది గాని, పుల్లలు చెమ్మగిల్లుతున్నాయని వారం తిరక్కుండా పంపేశారు. భార్య తాయమ్మాళ్‌ మాత్రం, "కాసేపు కూర్చోవయ్యా, కరెంటు లేదు, చేపలు చెడిపోతాయి" అని గిన్నె తెచ్చి పక్కన పెడుతుంది. గిన్నె నిండకముందే అతను లేచి చెప్పులు వెతుక్కుంటాడు.

విళాత్తికుళంలో ఇచ్చిన చెల్లెలు మాయక్కాళ్ సోమవారం వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"శుక్రవారం నా బిడ్డ మారీశ్వరికి గుండు గీయించి చెవులు కుట్టేది. రెండుసార్లు నీకోసం ఆపినాం. ఈసారి నువ్వు రాకుంటే మా ఆయన చిన్నాయన కొడుకు ఒళ్ళో కూర్చోబెడతారంట."

"కూర్చోబెట్టండి."

"మేనమామ బతికుండగా ఇంకొకని ఒళ్ళోనా? మా అత్త నోట్లో పడి బతికేది నువ్వా, నేనా?"

"బిడ్డ తడుస్తుంది, మాయీ."

"తడిస్తే తుడుస్తా. సాకులు చెప్పబాకు. ఈసారి రాకుంటే నాకు అన్న లేడనుకుంటా."

అతను అప్పటికే వీధి మలుపు దగ్గరున్నాడు.

మంగళవారాలు అతను విరుదునగర్ పోతాడు, బస్సులో నిలబడి. సైన్యంలో చేసొచ్చిన వాళ్ళ మనసు సంగతి చూసే కర్పగం అక్కడ ఒక మేడ మీద గదిలో ఉంటుంది. అతని కుర్చీ మీద ప్లాస్టిక్ షీటు పరిచి పెడుతుంది. అతను కూర్చోడు. ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ, ప్రతివారం అదే సంగతి అరవంలో, పైఅధికారికి నివేదిక ఇస్తున్నట్టు చెబుతాడు: బండి ఆగలేదు. ఉత్తర్వు వచ్చింది. కాల్చాను.

నీ తప్పేముంది, డ్యూటీ కదా అని ఊరందరూ అన్నారు. అన్నప్పుడల్లా అతని నడక ఇంకా ఎక్కువైంది.

ఆ మంగళవారం మధ్యలో ఆమె ఫోన్ మోగింది. "అమ్మా, ఉలవలు పొయ్యి మీద పెట్టి మరిసిపోబాకు" అని చెప్పి పెట్టేసింది.

రామసుబ్బు ఆగిపోయాడు. "మీ ఇంట్లో తెలుగా?"

"అవును. కారియాపట్టి పక్కన."

"ఇన్నాళ్ళూ అరవంలో మాట్లాడుకుంటుండామే!"

"గడప దాటితే అరవమే గదా. మీరూ అడగలేదు, నేనూ అడగలేదు." ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆపి, "ఇంటి మాటలో చెప్పండి" అంది.

రెండో వాక్యం దగ్గరే ఇరుక్కున్నాడు. ఉత్తర్వు అన్న మాట అతనికి ఇంటి భాషలో లేదు. ఆ భాషలో అతను ఎవరికీ సెల్యూట్ కొట్టలేదు. అమ్మ చేత తిట్లు తిన్నాడు, చెల్లెల్ని చంకనేసుకు తిప్పాడు. అతను ప్లాస్టిక్ షీటు మీద కూర్చున్నాడు.

"వ్యానులో బిడ్డకు జొరం. వాళ్ళ నాయన ఆసుపత్రికి తోలుకపోతుండాడు. ఆపమంటే ఆపలేదు, బెదిరినాడేమో. కాల్చమని పైవాళ్ళు చెప్పినారు. సరే. వేలు నాది గదా. తూటా బిడ్డకు తగిలింది. ఆ బిడ్డను జీపులో నా ఒళ్ళోనే పెట్టుకున్నా. మంచు పడతా ఉండె. ఆసుపత్రి రాకముందే పోయింది. ఇప్పుడు నా చెల్లెలు తన బిడ్డకు చెవులు కుట్టేదానికి ఈ ఒళ్ళోనే పెట్టుకోమంటుండాది."

గదిలో మంచు చీలమండల దాకా వచ్చింది.

"నా తప్పు లేదని మీరూ చెప్తారా?"

"చెప్పను" అంది కర్పగం, భుజాల మీది మంచు దులుపుకుంటూ. "వేలు మీదే. ఇప్పుడు ఇంకొక బిడ్డ ఒళ్ళో కూర్చుంటానంటోంది. దానికి ఏం చెప్తారో మీరే చెప్పాల."

శుక్రవారం విళాత్తికుళం అవతల, నల్లరేగడి చేల మధ్య కులదేవత గుడి. ఎండ మాడ్చేస్తోంది. రామసుబ్బు పొద్దున్నుంచీ గుడి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"మీ అన్న ప్రదక్షిణాలు చేస్తుండాడా, పారిపోయే దారి చూస్తుండాడా?" అని మాయక్కాళ్‌ని అత్త అడిగింది.

మేనమామను పేరు పెట్టి పిలిచారు. అతను పీట దగ్గరకు రాలేదు. చిన్నాయన కొడుకు గోకులకృష్ణన్ పంచె సర్దుకుని పీట మీద కూర్చోబోయాడు.

"లెయ్యిరా" అన్నాడు రామసుబ్బు.

కూర్చున్నాడు. మారీశ్వరిని ఒళ్ళో పెట్టారు. గుండు గీయడం సగంలో ఉండగా మంచు మొదలైంది.

"మామా, చల్లగుంది."

"దిగుతావా?"

"ఊహూఁ."

అతను లేవలేదు. పిల్ల బోడితల గడ్డం కింద తగులుతోంది, వెచ్చగా. చెవులు కుట్టే సుడలై ఆచారి సూది పట్టుకుని వచ్చి, రామసుబ్బు భుజం మీంచి చిటికెడు మంచు తీసి పిల్ల చెవితమ్మెకు అద్ది, అది తెల్లబడేదాకా నొక్కి పట్టాడు. రెండో చెవికీ అంతే.

"ఎప్పుడు కుడతావు తాతా?"

"కుట్టేసినా గదే!"

పిల్ల చెవులు తడుముకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. భోజనాలకు పిలుపొచ్చింది, అందరూ లేచారు. మారీశ్వరి మంచు ముద్దలు చేసి మామ జేబులో కుక్కుతోంది. అతను కూర్చునే ఉన్నాడు.

ఆచారి సూది తుడుచుకుంటూ, "ఆదివారం తిరుచ్చులిలో ఇంకొక బిడ్డకు కుట్టాల. మహా ఏడుపుగొట్టు. వాళ్ళ మామ పక్కన ఊరికే కూర్చుంటే చాలు, వస్తావా?" అన్నాడు.

రామసుబ్బు ఒళ్ళోని పిల్లను కింద పడకుండా సర్ది పట్టుకున్నాడు.

"ఎంతసేపు కూర్చోవాల?" అని అడిగాడు.