భోజనానికి ముందు జర్మన్‌ని, తర్వాత జపాన్‌వాణ్ణి

నేను ఒక గడ్డిబొమ్మని. పొలంలో పిట్టల్ని తోలే రకం కాదు, పటాలంలో పొడిపించుకునే రకం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఒక శిక్షణ శిబిరంలో, గోనెసంచుల్లో వరిగడ్డి కూరి, కొయ్యకు వేలాడదీసి, "వీడే శత్రువు" అన్నారు. ఎవరికి శత్రువునో, ఎందుకో మాత్రం చెప్పలేదు.

మొదట్లో నేను జర్మన్‌ని. మా డివిజన్, అంటే పదిహేను వేలమంది జనం, ఎడారికి వెళ్తుందన్నారు. నా నెత్తిన రేకు గిన్నె బోర్లించి, బొగ్గుతో మీసం గీశారు. ఒకరోజు మధ్యాహ్నం పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఎడారి కాదు, బర్మా అడవి. ఖాకీ బట్టలన్నీ ఆకుపచ్చ రంగు తొట్టెల్లో ముంచారు. నా గిన్నె తీసి టోపీ పెట్టారు, మీసం తుడిచేశారు, ఇక జపాన్‌వాణ్ణన్నారు. లోపల గడ్డి మాత్రం అదే. మనుషులు ఇంత తేలిగ్గా పగ మార్చుకుంటారని నాకప్పటిదాకా తెలియదు. అడుగుదామంటే గీసిన నోరాయె.

అందరూ అరుస్తూ వచ్చి పొడిచేవారు. కోరాడ పైడయ్య ఒక్కడే పరిగెత్తుకొచ్చి నా ముందు ఆగిపోయేవాడు. పార్వతీపురం వైపు రైతు, ముప్పై దాటినవాడు. తుపాకీ చివరి బాకు నా పక్కనుంచి గాల్లోకి పోయేది.

"ఏంరా పైడయ్యా, బొమ్మను చూసి కూడా జాలేనా?" అన్నాడు శిక్షణ ఇచ్చే హవల్దార్ మాణిక్యం.

"మొకం ఉంది కదండి. ఈడు నన్నేటి సేసినాడండి?"

మాణిక్యం కోపిష్టి. ఆ రోజు మాత్రం కోప్పడలేదు. "ఎల్లుండి రైలెక్కుతున్నాం. అక్కడ నువ్వు ఆగితే అవతలివాడు ఆగడు. మీ ఆవిడకు ఆ ఉత్తరం నేను రాయలేనురా" అన్నాడు.

నాకు మతిపోయింది. నన్ను పొడవకపోతే పైడయ్య చస్తాడట. అంటే నేనతనికి శత్రువునా, చుట్టాన్నా? పొడిస్తే బాగుండునని నేనే కోరుకున్నాను.

మర్నాడు పొడిచాడు. కళ్లు మూసుకోకుండా, కడుపులో, పిడిదాకా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషమేసింది, ఎందుకో భయమూ వేసింది.

సాయంత్రం అంతా పెట్టెలు సర్దుకుంటుంటే, పైడయ్య దబ్బనం, పురికొస పట్టుకుని వచ్చాడు. బయటికొచ్చిన గడ్డి లోపలికి కూరి, చిరుగు కుట్టాడు.

"నీకైతే కుట్టేసినాను" అన్నాడు మెల్లగా. "అక్కడోడికి ఎవులు కుడతారు?"

యుద్ధం ముగిసింది. నన్ను పాత సామాన్ల షెడ్డులో పడేశారు. పైడయ్య బతికొచ్చాడో లేదో నాకెవరూ చెప్పలేదు. బర్మాలో ఆగకుండా పొడిచి ఉంటే బాగుండునని ఒక పూట అనిపిస్తుంది. ఆగిపోయి ఉంటే బాగుండునని ఇంకో పూట.