చివరి రెండు మిల్లీమీటర్లు

ఉదయం ఎనిమిదిన్నరకు ఉల్లిపాయ వేళ్ళు కోయాలి. అదే ఎనిమిదిన్నరకు మా ఆయన లంచ్ బాక్సు, మా అమ్మాయి లంచ్ బాక్సు మూతలు పడాలి. అత్తయ్య మాత్రలు గ్లాసు నీళ్ళతో సహా ఆవిడ మంచం దగ్గరికి చేరాలి. వేళ్ళకూ మా ఇంటికీ ఒకటే ముహూర్తం.

వేళ్ళు ఆగవు. కణాలు ఎక్కువగా విడిపోయేది పొద్దుటి పూటేనని కాలేజీలో నేర్పారు. పదకొండేళ్ళుగా నా కళ్ళతో చూస్తున్నాను కూడా. అందుకే వంటింటి కిటికీలో నాలుగు గాజు గ్లాసుల మీద నాలుగు ఉల్లిపాయలు కూర్చుని ఉంటాయి, అడుగు నీళ్ళకు తగిలీ తగలకుండా. తెల్లటి వేళ్ళు గడ్డంలా కిందికి దిగుతాయి. చిన్న కత్తెరతో ఒక్కో వేరు కొన రెండు మిల్లీమీటర్ల మేర కత్తిరించి, బడిలో మైక్రోస్కోపు స్లైడ్లకని సీసాలో వేస్తాను. ఒక కణం రెండయ్యేది ఆ రెండు మిల్లీమీటర్లలోనే. దాని పైనున్నవన్నీ ఎప్పుడో పుట్టేసి, పొడుగు సాగడం తప్ప ఇంకేమీ చెయ్యని కణాలు.

"ఉల్లిపాయలకు స్నానాలు పోస్తున్నావు, నా కాఫీ సంగతేమిటే?" అని అత్తయ్య.

"నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?" అని బాత్రూంలోంచి ఆయన. పెట్టినచోటే ఉంది. పదహారేళ్ళుగా అది పెట్టినచోటే ఉంటోంది.

మేమిద్దరం ఒకే బడిలో పనిచేస్తాం. ఆయన జీవశాస్త్రం టీచరు. బోర్డు మీద కణం బొమ్మ గీసేటప్పుడు ముందు నడిమధ్యన గుండ్రంగా కేంద్రకం పెట్టి, ఆ తర్వాతే మిగతాది గీస్తారు. అందుకని పిల్లలు ఆయనకు న్యూక్లియస్ సార్ అని పేరు పెట్టారు. నేను ల్యాబ్ అసిస్టెంటుని. బడిలో ఆడ టీచర్లందరూ మేడమ్‌లు, నేనొక్కదాన్నే స్లైడ్ ఆంటీ. కాలేజీలో మాది ఒకే క్లాసు, మార్కుల్లో నేను ముందు. పాప పుట్టాక ఇద్దరిలో ఒకరు టీచర్ ట్రైనింగుకు వెళ్ళాలి, ఒకరు పాపను చూసుకోవాలి అనుకున్నాం. ఎవరు ఏది అని ఎవరూ అడగలేదు, నాతో సహా. రెండేళ్ళ కిందట దూరవిద్యలో నేనూ ట్రైనింగు పూర్తిచేశాను, బట్టలు ఆరేస్తూ పాఠాలు వల్లించుకుని.

ఏటా శక్తి పాఠం చెప్పేటప్పుడు ఆయన ఒకటే జోకు వేస్తారు. "కణానికి మైటోకాండ్రియా ఎలాగో, మీ సారుకి మీ స్లైడ్ ఆంటీ అలాగ. పవర్ హౌస్." పిల్లలు నవ్వుతారు. వెనక బల్ల దగ్గర గాజు పలకలు తుడుస్తూ నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే సరదా తెలియని మనిషినవుతాను. ఎంజైము పాఠం ఇంకా బాగా చెప్తారు. చర్య జరిపిస్తుంది, తాను మాత్రం మారదు, తయారైన పదార్థంలో ఎక్కడా కనబడదు. అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాతి సంగతి చెప్పరు. వాడగా వాడగా ఎంజైమూ చెడిపోతుంది. అప్పుడు కణం దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలతోనే ఇంకోటి చేసుకుంటుంది.

ఈ ఏడు ఎనిమిదో తరగతికి ఇంకో జీవశాస్త్రం టీచరు కావాలన్నారు. దరఖాస్తు పెట్టాను. ఆయనకు చెప్పే పెట్టాను. "మంచిదే" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా. సోమవారం ల్యాబ్ సామాన్ల జాబితా మీద సంతకం కోసం వెళితే ప్రిన్సిపల్ మేడమ్ నవ్వుతూ కూర్చోమన్నారు.

"మంచి పని చేశారమ్మా, వెనక్కి తీసుకుని. ఇంట్లో కుదరదని సార్ వచ్చి చెప్పారు. కాగితం కూడా ఆయనే పట్టుకెళ్ళారు."

"ఎప్పుడు మేడమ్?"

"మీకు తెలీదా?" ఆవిడ నవ్వు ఆగింది. వెంటనే సర్దుకున్నారు. "శుక్రవారం దాకా గడువుంది. ఇద్దరూ మాట్లాడుకుని రండి."

నా చేతిరాత. నా సంతకం. ఇవ్వడానికి నేను కావాలి, వెనక్కి తీసుకోవడానికి ఆయన చాలు. నా మార్కుల జాబితా, నా సర్టిఫికెట్ల నకళ్ళు, గుమ్మం ముందు విడిచిన చెప్పుల్లా ఎవరైనా తోసుకుంటూ పోవచ్చు. కారిడార్లో ఎదురుపడిన పిల్లలు "గుడ్ మార్నింగ్ ఆంటీ" అన్నారు.

సాయంత్రం ఇంట్లో అడిగాను. ఆయన తడబడతారనుకున్నాను. తడబడలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"నీ మంచికే చేశాను. నువ్వు క్లాసులకెళితే ల్యాబ్ ఎవరు చూస్తారు, ఇల్లెవరు చూస్తారు? గురువారం ఇన్‌స్పెక్షను. అది బాగా జరిగితే నన్ను సైన్సు విభాగానికి హెడ్‌ని చేస్తారు. నేను హెడ్డయితే నీకు కాదా గొప్ప? స్లైడ్లు మాత్రం మర్చిపోకు, కణవిభజన చూపిస్తున్నాను."

"ఒక ఇంట్లో ఇద్దరు మాస్టర్లెందుకే?" అంది అత్తయ్య మంచం మీంచి. "అందరూ చెప్పేవాళ్ళే అయితే వినేదెవరు?"

ఆయన పగలబడి నవ్వారు. "చూశావా, అమ్మ ఎలా తేల్చేసిందో."

"స్లైడ్లు మీరే చేసుకోండి" అన్నాను.

"చేసుకోలేననుకున్నావా? పదమూడేళ్ళుగా చెప్తున్న పాఠం."

బుధవారం పొద్దున ఆయన వంటింట్లోకి వచ్చారు. లైటరెక్కడుందని అడిగారు. చిన్న గిన్నె ఎక్కడుందని అడిగారు. గుడ్డ ఎక్కడుందని అడిగి, ఇచ్చేలోపు నా కొంగందుకోబోయారు. ఉల్లిపాయల వేళ్ళన్నీ పొడుగ్గా కోసి, పల్చటి ఆమ్లంలో వెచ్చబెట్టి, ఎర్రటి రంగు ద్రావణంలో ముంచారు. పుస్తకంలో ఉన్నట్టే. నేను బాక్సులు సర్దుతూ అటు చూడలేదు. ఆయన చేతులు తుడుచుకుని వెళ్ళాక గిన్నె కడగబోయి సింకులోకి చూశాను. జల్లెడ మీద చీమ తలల్లాగా పది పన్నెండు ముదురెర్రటి చుక్కలు. వేరు కొనలు.

"ఇవేమిటి?" అన్నాను.

"ఆ చివర్లన్నీ నల్లగా మాడిపోయాయి. నీ రంగు పాతబడ్డట్టుంది. అవి కోసి పారేసి, శుభ్రంగా ఉన్న ముక్కలతో స్లైడ్లు చేశాను."

రంగు ముదురుగా పట్టేది అక్కడే. విడిపోయే కణాలు అక్కడే కిక్కిరిసి ఉంటాయి. చూపించాల్సినదాన్ని పారేసి, పారేయాల్సినదాన్ని గాజు మీద పెట్టుకున్నాడు ఈ మనిషి, ఏటా పరీక్షలో ఆ ప్రశ్నకే అయిదు మార్కులిచ్చే మనిషి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదహారేళ్ళుగా అలా వచ్చిన ప్రతి మాటా బయటికొచ్చి ఆయన పాఠమైపోయింది. "అలాగా" అన్నాను. కుళాయి తిప్పాను. చుక్కలన్నీ కొట్టుకుపోయాయి.

గురువారం మొదటి పీరియడు తొమ్మిదో తరగతికి. ఇన్‌స్పెక్టరు గారు, ప్రిన్సిపల్ మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన పాఠం చెప్పారు. బాగా చెప్పారు, అబద్ధమెందుకు. ఇన్‌స్పెక్టరు గారు లేచి మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. స్లైడు అటూ ఇటూ జరిపారు. రెండోది పెట్టారు. మూడోది.

"కణాలతో ఇటుకల గోడ బాగానే కట్టారు సార్. విడిపోతున్న కణం ఒక్కటి చూపిస్తారా?"

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. తలెత్తి, పిల్లల ముందే, నా వైపు చెయ్యి చూపించారు. "స్లైడ్లు మా ఆవిడ చేసిందండీ. ఇంట్లో పని ఎక్కువై ఈసారి కాస్త శ్రద్ధ తగ్గినట్టుంది."

నా చేతిలో గుడ్డ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"అవి నేను చేసినవి కావు సార్. పది నిమిషాలివ్వండి, నేను చేస్తాను."

చిన్న తరగతుల వాళ్ళకు వేళ్ళు చూపించడానికి ల్యాబ్ కిటికీలో ఇంకో ఉల్లిపాయ ఉంచాను. ఒక వేరు కోశాను. వెచ్చబెట్టాను, రంగులో వేశాను. పిల్లలు బెంచీలు దిగి చుట్టూ మూగారు. "వేరు పెరిగేది ఎటునుంచి?" అని అడిగాను. "కిందనుంచి ఆంటీ." "మరి ఏ ముక్క ఉంచాలి?" "నల్లగా ఉన్నది." ఒక్కరు కూడా తడుముకోలేదు. కొన ఉంచి మిగతాది పక్కకు నెట్టాను. మీద పలుచటి గాజు బిళ్ళ పెట్టి బొటనవేలితో అదిమాను. ఇన్‌స్పెక్టరు గారు చూసి "ఆహా" అన్నారు. కణం నడుమ వరసకట్టిన క్రోమోజోములు, ఆ పక్క కణంలో అప్పుడే రెండు జట్లుగా చెరో వైపుకూ లాక్కుపోతున్నవి. పిల్లలు తోసుకుంటూ చూశారు.

ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి చాపారు. నా వైపు కాదు. మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, "అదృష్టవంతులండీ. ఇంట్లోనే ఇంత మంచి అసిస్టెంటు" అన్నారు.

ఆయన నవ్వారు. ప్రిన్సిపల్ మేడమ్ కూడా. నేను నవ్వలేదు. ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి హెడ్ అయ్యారు. "మనిద్దరం ఒక టీం" అన్నారు కుర్చీలో వెనక్కి వాలి. తర్వాత ఏదో తట్టినట్టు నా వైపు తిరిగారు. "నిన్న సింకులో ఆ చివర్లు చూశావుగా. అప్పుడే చెప్పొచ్చుగా?"

"చూశాను. చెప్పలేదు."

"తెలిసే?"

"తెలిసే."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "ఏమైంది నీకు?" అన్నారు. జవాబు కోసం ఆగలేదు, ఫోను మోగింది, అభినందనలు.

శుక్రవారం పొద్దున నేను వేళ్ళు కోయలేదు, బాక్సులు సర్దలేదు. ఎనిమిదిన్నరకు ప్రిన్సిపల్ గది ముందున్నాను. కొత్త దరఖాస్తు, కొత్త నకళ్ళు. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇద్దరూ మాట్లాడుకున్నారా?"

"లేదు మేడమ్. అందినట్టు సంతకం పెట్టి నాకో నకలివ్వండి. మళ్ళీ ఎవరైనా వచ్చి అడిగితే, నా సంతకం లేకుండా ఇవ్వకండి."

ఆవిడ పెన్ను తీశారు గానీ మూత తియ్యలేదు. గొంతు తగ్గించారు. "ఆలోచించుకోమ్మా. ఇంట్లో గొడవ రాదుగా?"

"వస్తుంది మేడమ్" అన్నాను. "సంతకం పెట్టండి."