తెడ్డు పిడి మీది గుంట

మా ఆయన కర్ర సామాన్లకి పాలిష్ పట్టే పని చేస్తారు. పగలంతా కర్రతో కుస్తీ పట్టేది చాలదన్నట్టు, పాతకాలం కర్ర వస్తువులు ఇంటికి మోసుకొస్తారు. దువ్వెనలు, కవ్వాలు, ఉప్పు పోసుకునే మరిగెలు, మూతల్లేని డబ్బాలు. అల్మారా నిండిపోయి నా కుట్టుమిషను దాకా పాకాయి. "నన్నెందుకు చేసుకున్నారు, ఏ దుంగనో కట్టుకోలేకపోయారా?" అంటే నవ్వేసి, చేతిలో ఉన్నదాన్ని ఇంకాస్త తుడిచేవారు.

ఈ పిచ్చి ఉన్నవాళ్లందరిదీ ఒకటే కట్టుబాటు. దుమ్ము దులపచ్చు, నూనె రాయచ్చు. వాడి వాడి అరిగిన చోటు జోలికి మాత్రం పోకూడదు. వస్తువు ప్రాణమంతా ఆ అరుగుదలలోనే ఉందట. ఎవరైనా అలాంటి చోట పాలిష్ పట్టారని తెలిస్తే ఆయన ఆ రోజు అన్నం సరిగా తినేవారు కాదు.

ఆ మధ్య వంటలో కలిపే తెడ్డొకటి తెచ్చారు. పిడి మీద బొటనవేలు ఆనే చోట లోతుగా గుంట, వెనక నాలుగు వేళ్లకీ సన్నటి పల్లాలు. "ఏ మహాతల్లో జన్మంతా దీంతోనే కలిపింది," అన్నారు మురిసిపోతూ. నేనూ వేలు పెట్టి చూశాను. గుంట దగ్గర కర్ర వెచ్చగా తగిలింది. ఎండలో పెట్టారా అంటే, లేదే అన్నారు.

పిడి ఆ గుంట దగ్గరే విరిగేలా ఉంది. విరిగిపోతుందన్న బెంగతో, లోకానికి నీతులు చెప్పే ఈ మనిషే, రంపపు పొట్టు జిగురులో కలిపి ఆ గుంట పూడ్చేశారు. గరుకు కాగితంతో రుద్ది, పల్లాలు కూడా నున్నగా చేసేశారు. చేసినంతసేపూ నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్న పొయ్యి దగ్గర పాలు కలుపుతున్నాను. నా కుడి మణికట్టుని ఎవరో పట్టుకున్నారు. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. పట్టు మాత్రం ఉంది, బొటనవేలు పైన, నాలుగు వేళ్లు కింద. కోపంగా కాదు, పనిముట్టుని పట్టుకున్నట్టు. నా ప్రమేయం లేకుండా చెయ్యి గుండ్రంగా తిరిగింది. పాలు అడుగంటలేదు.

తర్వాత రోజూ అంతే. మెల్లగా మణికట్టు మీద గుంట పడింది. కమిలింది కాదు, వాచింది కాదు, అరిగింది. అక్కడ చర్మం పాత కర్రలా మెరుస్తోంది. డాక్టరు ఎక్కువ కుట్టకమ్మా అని పూతమందు రాసిచ్చాడు. కుట్టకపోతే నేనేం తినాలి? అప్పటికే ఒకావిడ ఇచ్చిన ఖరీదైన గుడ్డని నిలువుగా కత్తిరించబోతే కత్తెర దానంతటదే గుండ్రంగా తిరిగి గుడ్డ పాడైంది.

ఆయనకి చూపించాను. వేలుతో గుంట తడిమారు. "ఈ లోతు నాకు తెలుసు," అన్నారు.

వెంటనే ఉలి తీసుకుని తెడ్డుకి పెట్టిన పూడిక తవ్వడం మొదలుపెట్టారు. సగం ఊడిందో లేదో, పిడి టక్కున రెండు ముక్కలైంది. ఇద్దరం ఆ ముక్కల్నే చూస్తూ కూర్చున్నాం. ఇంక ఆ తెడ్డు తిప్పిన ఆవిడకి పట్టుకోవడానికి ఉన్నది నేనే. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

పెళ్లయ్యాక ఏనాడూ గరిటె పట్టని మనిషి, వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద మరుగుతున్న గిన్నె పైన చెయ్యి చాపి నిలబడ్డారు. "అమ్మా, తప్పు నాది. నా చెయ్యి పట్టుకోండి. మా ఆవిడ బతుకంతా ఆ చేతిమీదే ఉంది," అన్నారు. ఆవిరికి మణికట్టు ఎర్రబడేదాకా అలాగే ఉన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎవరూ పట్టుకోలేదు. ఆయన మణికట్టు దూలంలా ఉంటుంది, ఏ ఆడదాని పిడికిట్లో పడుతుంది?

మిషను మీద దుప్పటి కప్పేశాను. వంట మాత్రం అమృతంలా కుదురుతోంది. ఆయన తింటారు, బాగుందంటారు, కంచంలోంచి తలెత్తరు. ఈ రుచి నీది కాదని ఆయనా అనరు, నేనూ అనను.

నిన్న పొద్దున్న, కుట్టమని ఇచ్చినవాళ్ల గుడ్డలు వాళ్లకి తిరిగిచ్చేద్దామని ఇద్దరం బయల్దేరాం. రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు పట్టుకోవడం ఆయనకి పెళ్లినాటి నుంచీ అలవాటు. బండ్లు రివ్వురివ్వున పోతుంటే అలాగే చెయ్యి చాపారు. వేళ్లు ఆ గుంటకి తగలగానే, పరాయి ఆడదాని చెయ్యి తగిలినట్టు చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఎడం చెయ్యి ఇవ్వు," అన్నారు.

ఇచ్చాను. రోడ్డు దాటినంతసేపూ ఆయన నా ఎడం చేతిని గట్టిగా పట్టుకునే ఉన్నారు. కుడి చెయ్యి పక్కన వేలాడుతూ, గాలిని మెల్లగా కలుపుతూనే ఉంది.